దురదగొండికి రాజుగారి పేరు

ఒకానొక రాజ్యంలో చెరువుకూ, కోటకూ, ఆఖరికి పట్టపుటేనుగుకూ ఒకటే పేరు: రణవిజయ. అది రాజుగారి పేరు మరి!

ఒక కార్తీకంలో ఆయన పల్లకీలో అడవిదారిన పోతూ, పొదల మీద గుత్తులుగా వేలాడే ఊదాపూల తీగను చూసి మురిసిపోయాడు. "ఇకనుంచి ఇది రణవిజయ లత! మరో పేరుతో పిలిచినవాళ్లకు చెరసాల!"

పక్కనే పుల్లలేరుకుంటున్న ఓబులమ్మ ఊరుకోలేకపోయింది. "దొరా, అది దురదగొండి. మా తాతల నాటి పేరు."

ఆమెను అక్కడికక్కడే చేతులు కట్టి తీసుకుపోయారు.

ఆస్థాన విదూషకుడు తిప్పన్నకు కడుపు మండిపోయింది. దున్నేవాడిదే భూమి అయితే, పిలిచేవాడిదే పేరు కాదూ! గోక్కునేది జనం, పేరు కొట్టేసేది ప్రభువా? అయినా కోపం దిగమింగి చేతులు కట్టుకున్నాడు.

"మహాప్రభూ, తమ పేరున్న తీగ అడవిలో పడి ఉండటమేమిటి? పట్టాభిషేకం పండుగనాడు సింహాసనానికి తోరణం కట్టించండి."

"భేష్, తిప్పన్నా!"

మాఘంలో పండుగ వచ్చింది. అప్పటికి పూలు రాలిపోయి, బంగారు నూగు కప్పుకున్న కాయలు ఎండి ఉన్నాయి. తోరణం కట్టిన భటులు చేతులకు గుడ్డలు చుట్టుకున్నారు. ఎందుకో చెబితే చెరసాల, కనుక చెప్పలేదు. సామంతులంతా కొలువుతీరారు. వింజామరలు వీచాయి. నూగు లేచి రాజుగారి మీద వాలింది.

మొదట మెడ, తర్వాత వీపు. రాజుగారు సింహాసనానికి వీపు రుద్దుకుంటూ అరిచాడు: "పీకండి దాన్ని!"

దూరంగా నిలబడ్డ తిప్పన్న వంగి దండం పెట్టాడు. "దేన్ని ప్రభూ? పేరు సెలవివ్వండి. 'సింహాసనం మీంచి రణవిజయను పీకి పారేయండి' అని తమ నోటితో అంటే చాలు."

సామంతులు ఒక్కసారిగా తలలెత్తారు. ఎన్నాళ్లుగానో వాళ్లు ఎదురుచూస్తున్న ఆజ్ఞ అది!

రాజుగారు నోరు తెరిచాడు, మూశాడు, గోక్కున్నాడు. "ఓరి నాయనో! ఆ దురదగొండిని పీకండిరా!"

"ప్రభూ, ఆ మాటన్నందుకే ఓబులమ్మ చెరలో ఉంది. తమరూ అక్కడికే వేంచేస్తారా, ఆమెనే ఇక్కడికి పిలిపించమంటారా?"

రాజుగారికి కోపం రాబోయి నవ్వొచ్చింది. గోక్కుంటూ నవ్వాడు, నవ్వుతూ గోక్కున్నాడు. తీగకు పాత పేరే ఉండనిచ్చాడు. తిప్పన్నకు పట్టుశాలువా కప్పించాడు. ఓబులమ్మను విడిపించి కొలువుకు రప్పించి, తన మెడలోని ముత్యాలహారం తీసి ఇవ్వబోయాడు.

ఓబులమ్మ గబుక్కున వెనక్కి జరిగింది.

"కడిగియ్యి దొరా!"