కొర్లయ్య చెయ్యి మోసినవాళ్ళు

గోదారి ఒడ్డున నూకాలు ఇంటివాళ్ళకి తమ తెలివి మీద మహా నమ్మకం. "ఊళ్ళోవాళ్ళు చెప్పినదాంట్లో సగం చేస్తారు, మేం చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అని నూకాలు అత్త పోలమ్మ వాడవాడలా చెప్పుకు తిరిగేది.

అలాంటి ఇంట్లో నూకాలు మొగుడు కొర్లయ్యకి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు. చూస్తే పులస చేపలు ఏటికి ఎదురెక్కే రోజులు దగ్గర పడుతున్నాయి. వల విసిరేవాడు లేకపోతే పొయ్యి మీదకి కుండ ఎక్కదాయె. నూకాలు మొగుణ్ణి డాక్టరమ్మకి చూపించింది.

"వల విసిరి విసిరి లోపల వాచిందమ్మా. కొన్నాళ్ళు ఆ చేత్తో బరువు ఎత్తనివ్వకు. చెయ్యి మొద్దుబారినా, నొప్పితో పాటు ఛాతీ బిగబట్టి చెమటలు పోసినా ఉన్నపళంగా తీసుకురా" అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చాక నూకాలు తీరిగ్గా ఆలోచించింది.

"అత్తా, అసలు ఆ చెయ్యే ఎంత బరువుందో చూశావా? వేళ్ళున్నాయి, మోచెయ్యుంది, లోపల ఎముకలున్నాయి!"

"అమ్మో, నిజమేనే! బుర్రంటే నా కోడలిదే!"

ఇంకేముంది! మరిది దానయ్య అన్న చేతిని రెండు చేతులా పట్టుకుని వెనకాలే తిరిగాడు. అన్న కూర్చుంటే కూర్చున్నాడు, తుమ్మితే అదిరాడు. సాయంత్రానికి దానయ్య భుజం లాగేసింది. అంతే, పోలమ్మ వచ్చి దానయ్య చెయ్యి పట్టుకుంది. ఆవిడ భుజం పీకితే నూకాలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. నలుగురూ రైలుపెట్టెల్లా వెళ్ళి గుమ్మంలో ఇరుక్కున్నారు.

"ఒరే తమ్ముడూ, వీపు దురదరా!"

"నా చేతుల్లో నీ చెయ్యే ఉంది కదన్నా, ఎలా గోకను?"

"నీ ఎడం చెయ్యి ఖాళీయే కదా మావా?" అంది నూకాలు.

"దాని సంగతి డాక్టరమ్మ ఏం చెప్పలేదే!" అన్నాడు కొర్లయ్య.

అలా కొన్నాళ్ళు గడిచేసరికి కొర్లయ్య భుజం కర్రలా అయింది. నలుగురూ వరసగా ఆసుపత్రికి నడిచారు. దారిలో జనం ఏదో ఊరేగింపనుకుని పక్కకి తప్పుకున్నారు.

"కదపకుండా పట్టుకుంటే బిగుసుకుపోదూ! నేను వద్దన్నది బరువునమ్మా, కదలికని కాదు" అని డాక్టరమ్మ తల పట్టుకుంది. కొర్లయ్యని గోడ దగ్గర నిలబెట్టింది. "రోజూ ఈ గోడ మీద వేళ్ళని చీమల్లా పైకి పాకించు. బాగా నొప్పెడితే ఆగు. మెల్లమెల్లగా మళ్ళీ వల పడతావు."

నూకాలు కళ్ళు తుడుచుకుని దణ్ణం పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో దబ్బుదబ్బున చప్పుడు. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. దానయ్య గునపంతో గోడ మొదలు తవ్వుతున్నాడు. నూకాలూ పోలమ్మా మోకు కట్టి లాగుతున్నారు.

"అయ్యో, ఇదేం పనమ్మా!"

"మాది తాటాకిల్లు తల్లీ. రోజూ ఈ గోడ మీదే అన్నారుగా, ఇంటికి తీసుకెళ్దామని వచ్చాం" అంది నూకాలు రొప్పుతూ. "ఎంత లాగినా కదలదే! పాపం, ఇదెన్నాళ్ళ నుంచి బిగుసుకుపోయిందో, కాస్త చూద్దురూ!"