విద్యుల్లతకు ఏడో పేరు

పూర్వం, ధర్మం నాలుగు పాదాల మీద కాకపోయినా మూడింటి మీదనైనా తడబడకుండా నడిచిన కాలంలో, అరుణవాహినీ నదీతీరాన సువేలపురమనే నగరాన్ని రాజధానిగా చేసుకొని, శత్రుభీకరుడూ దానశీలుడూ అయిన సత్యధృతి మహారాజు ముప్పై యేళ్ళుగా ప్రజలను కన్నబిడ్డలవలె పాలిస్తూ ఉండేవాడు. గుణవంతుడే, కాదనను. కాని ఒక్క పొరపాటు చేశాడు. అది చాలా చిన్నదనుకొన్నాడు పాపం! ఆ చిన్నదే ఊరి పీకల మీదికి తెచ్చింది.

ఆయనకు తాతగారైన విశ్వధర మహారాజు సంపాదించి ఇచ్చిన దివ్యాయుధం ఒకటి ఉండేది. నిలువెత్తు బల్లెం, పేరు విద్యుల్లత. విసిరితే మెరుపై సాగి, లోకకంటకుని గుండె చీల్చి, తిరిగి వచ్చి విసిరినవాని చేతిలో వాలేది. అయితే ఊరకే లేచే ఆయుధం కాదది. ఏడు పేర్లు తలచి నమస్కరిస్తేనే లేస్తుంది. విఘ్నేశ్వరుడు, అగ్ని, వాయువు, వరుణుడు, పరాశక్తి, మంత్రద్రష్ట అయిన ఉపమేధ మహర్షి, ఇవి ఆరు. ఏడోది ఒక కమ్మరి ఇల్లాలి పేరు. ఈ వరుసను రాజు తన తరువాతి రాజు చెవిలో తప్ప ఇంకెవరికీ చెప్పకూడదని నియమం.

సత్యధృతి పట్టాభిషిక్తుడైన ఏడాది విజయదశమినాడు ఆయుధపూజకు కూర్చొని, ఆరు పేర్లూ భక్తితో పలికి, ఏడోదాని దగ్గర ఆగి, “దేవతల సరసన మసిచేతుల మనిషి పేరేమిటి? తాతగారిది వట్టి చాదస్తం!” అనుకొని దాన్ని మింగేశాడు. ఏరు దాటి తెప్ప తగలెయ్యడమంటే ఇదే కదా! ఆ యేడు మింగాడు, మరుసటి యేడూ మింగాడు. ముప్పై విజయదశములు గడిచేసరికి ఆ పేరు ఆయన మనసులోనుంచే తుడిచిపెట్టుకుపోయింది.

అప్పుడు వచ్చాడు శోషణాసురుడు. విశ్వధరుని కాలంలో విద్యుల్లత దెబ్బ తిని, చావు తప్పించుకొని, పడమటి సముద్రపు ఉప్పునేలల్లో దాగి ప్రాణం కూడదీసుకొన్న ఆ దురాత్ముడు, అరుణవాహినిని ఒక్క గుక్కలో తాగేసి, బావులూ వాగులూ పీల్చేసి, నగరద్వారం ఎదుట కొండలా చతికిలబడి కేక వేశాడు.

“ఓరీ సత్యధృతీ! మీ తాత నన్ను పొడిచాడు. నేను మిమ్మల్ని ఎవర్నీ పొడవను. ఊరికే ఇక్కడ కూర్చుంటాను, అంతే. రేపు పొద్దు గుంకేలోగా మీ ఆఖరి ముంత కూడా ఆవిరైపోతుంది. ఆ తరువాత తీరిగ్గా లోపలికొస్తాను!”

రాజు కోపంతో కంపిస్తూ కోటగుమ్మం దాటి వెళ్ళి, ఆరు పేర్లు చదివి, విద్యుల్లతను గిరగిర తిప్పి విసిరాడు. అది పది అడుగుల అవతల గడ్డపారలా దబ్బున పడింది. మెరుపు లేదు, ఉరుము లేదు. శోషణుడు పొట్ట పట్టుకొని నవ్వాడు. గోడల మీదనుంచి చూస్తున్న ప్రజలు మాత్రం నోరెత్తలేదు. ఎత్తడానికి అప్పటికే నాలుకలు పిడచగట్టుకుపోయాయి.

సిగ్గుతో తల వంచుకొని రాజు ఆ ఇనుమును భుజాన వేసుకొని, నగరానికి ఉత్తరాన గుట్టపై తపస్సు చేసుకొనే ఉపమేధ మహర్షి పాదాలమీద పడి జరిగినదంతా చెప్పాడు. తపోధనుడు కళ్ళు తెరిచి, “రాజా! మంత్రాన్ని దర్శించినవాణ్ణి నేనే. కాని మంత్రం గాలిలో నిలవదు, దానికి ఇనుము కావాలి. ఆ ఇనుముకు ప్రాణం పోసిన తల్లి పేరు మీ తాతగారు వరుసలో చేర్చుకొన్నారు. అది నాకు కూడా చెప్పలేదు. ఆయుధం పుట్టిన కొలిమికి వెళ్ళి అడుగు, నాయనా” అని పంపాడు.

మరునాటి మిట్టమధ్యాహ్నానికి నగరంలో నీరన్నది దాదాపు అడుగంటింది. సాధ్వీమణి అయిన రాణి తాను గొంతు తడుపుకోకుండా దాచిన చిన్న ముంతెడు నీళ్ళు భర్త చేతిలో పెట్టి, “యుద్ధానికి ముందు ఇవి తాగండి. మీరు నిలబడితేనే మేమందరం నిలబడతాం” అన్నది. ఆ ముంత ఒక చేత, విద్యుల్లత ఒక చేత పట్టుకొని రాజు కాలినడకన కొలిమికి చేరుకొన్నాడు.

కొలిమి చల్లారి ఉంది. కమ్మరి మగవాళ్ళంతా కోటగోడల మీద కాపలాకు పోగా, గవరవ్వ అనే ఎనభై యేళ్ళ ముసలామె ఒక్కతే తిత్తికి ఆనుకొని కూర్చొని ఉంది. నిన్నటినుంచి చుక్క నీరు తాగలేదు. పెదవులు బీటలు వారాయి. నోరు మాత్రం ఎండలేదు!

“అవ్వా! ఈ ఆయుధం మీ ఇంట పుట్టిందట. దీనికి ప్రాణం పోసిన తల్లి పేరు చెప్పు. ఊరందరి ప్రాణాలూ ఆ పేరుమీద ఉన్నాయి” అన్నాడు రాజు.

గవరవ్వ ఆయన్ను ఎగాదిగా చూసింది. “అదేం మాట దొరా! మీ దగ్గర దాచింది మమ్మల్ని అడుగుతారేం?”

“మరచిపోయాను.”

“మరిచారా, మింగారా?”

సత్యధృతి తల దించుకొన్నాడు. “మింగాను అవ్వా. సిగ్గుపడి మింగాను.”

ముసలామె చెప్పింది. “ఆ యేడూ ఇట్టాగే ఏరు ఎండింది. మా మామ తండ్రి బల్లేన్ని కాల్చి సాగగొట్టాడు. ఎర్రగా కాలిన ఇనుముకు నీళ్ళు తగలకపోతే పదును రాదు దొరా. ఊళ్ళో చుక్క లేదు. అప్పుడాయన ఆలి తను తాగటానికి దాచుకున్న ముంత తెచ్చి పోసేసింది. బల్లెం వెళ్ళింది, వాన వచ్చింది. వాన వచ్చేసరికి ఆవిడ లేదు. మీ తాతగారు ఈ గడపలోనే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చారట. ఏం కావాలో కోరుకొమ్మంటే మా పెద్దాయన ఏమన్నాడో తెలుసా? ‘మా ఇళ్ళలో కోడలు అత్త పేరు పలకదు, కొడుకు అమ్మా అంటాడేగాని పేరెట్టి పిలవడు. రెండు తరాలకు నా ఆలి పేరు మాసిపోతుంది. మీ నోట నిలబెట్టండి దొరా’ అన్నాడు. మా అత్త ఆవిడకు కోడలు, నేను మా అత్తకు కోడల్ని. మా చెవినే పడని పేరు మేమెట్టా చెప్తాం? మీరున్నారు గదా అని నిశ్చింతగా ఉన్నాం.”

ఆ మాట విని మహారాజు గుండె చెరువైంది. కన్నీళ్ళు కారాయి. పేరు తెలియని పితృదేవతలకు కూడా ఇన్ని నీళ్ళు వదిలే ఆచారం మనకున్నది కదా. అది గుర్తుకు వచ్చి, దక్షిణంగా తిరిగి మోకాళ్ళమీద కూర్చొని, రాణి ఇచ్చిన ముంత ఎత్తి, ఎండిన గొంతుతో ఇలా అన్నాడు.

“తల్లీ! నీ పేరు పోగొట్టుకొన్న కృతఘ్నుణ్ణి. పేరు లేకుండానే నమస్కరిస్తున్నాను. మా తాత బతికింది నీ నీళ్ళతో. మా నాన్న పెరిగింది నీ నీళ్ళతో. పుట్టినప్పటినుంచి నేను తాగిన ప్రతి గుక్కా నీదే. ఇంతకాలానికి నీకు నావి ఒక్క ముంతెడు.”

అని ముంత వంచబోతూ ఆగిపోయాడు. ఎదురుగా గవరవ్వ నీళ్ళకేసి చూసి, చప్పున చూపు తిప్పుకొని, లేని ఉమ్ము మింగింది. అది చూసిన రాజు ఆమెవైపు తిరిగి, “అవ్వా, దోసిలి పట్టు. ఆ తల్లికి చేరవలసినవి నీ గొంతులో పోస్తాను” అన్నాడు.

దోసిట్లో రాజు నీళ్ళు పోస్తుంటే ముసలామె రెండు గుక్కలు తాగి, కళ్ళు మూసుకొని, “నీ కడుపు చల్లగుండ, నాయనా!” అన్నది. అంతవరకు దొరా అన్న మనిషి నాయనా అన్నది! ఆపైన ముంత తన చేతిలోకి తీసుకొని, “ఇక చాలు. పదును పోయినదానికి నీళ్ళు పొయ్యడం మా ఇంటి పని” అంటూ మిగిలిన నీళ్ళు విద్యుల్లత మొనమీద పోసింది. చల్లటి ఇనుము సుయ్యిమన్నది. కొలిమంతా పొగ కమ్ముకొన్నది.

పొద్దు పడమటికి వాలుతుండగా రాజు మళ్ళీ కోటగుమ్మం ముందు నిలబడ్డాడు. ఆరు పేర్లు పలికి, ఏడోచోట, “నీళ్ళు పోసిన తల్లీ, నమస్కారం” అని విసిరాడు. దిక్కులు పగిలే ఉరుముతో విద్యుల్లత లేచి, నవ్వబోతున్న శోషణుని వక్షం చీల్చింది. ఆ కడుపులోనుంచి నది నదంతా బయటపడి పాత దారి పట్టుకొని పరుగెత్తింది. ఆకాశం నల్లబడి ధారాపాతంగా వాన కురిసింది. జనం వీధుల్లోకి వచ్చి దోసిళ్ళు పట్టి, ఏడుస్తూ నవ్వుతూ తాగారు.

ఆ వానలో తిరిగి వచ్చిన విద్యుల్లతనుంచి ఆయుధదేవత తేజోమయ రూపంతో సాక్షాత్కరించి, “వత్సా! పుట్టిననాడు నేను తాగిన నీళ్ళు ఒక దప్పికగొన్న తల్లివి. ఆమెను తలవని పిలుపు నాకు వినబడదు. ఈనాడు వినబడింది. దీర్ఘాయువా, దిగ్విజయమా, ఏమి కావాలో కోరుకో” అన్నది.

సత్యధృతి చేతులు జోడించి, “అమ్మా! నాకు ఆమె పేరు కావాలి. దాన్ని రహస్యంగా కాక నలుగురిలో పలికే అనుమతి కావాలి” అన్నాడు.

దేవత కళ్ళు చెమర్చాయి. “తథాస్తు. ఆమె పేరు మాచవ్వ” అని చెప్పి వానలో కలిసిపోయింది.

రాజు కిరీటం సంగతి కూడా మరచి, తడుస్తూ బురదలో పరుగెత్తుకొంటూ కొలిమికి వెళ్ళాడు. గవరవ్వ చూరుకింద ముంత పట్టుకొని వాననీళ్ళు నింపుతూ ఉంది. “అవ్వా! మాచవ్వ! ఆ తల్లి పేరు మాచవ్వ!” అని ఆయన గట్టిగా అరిచాడు. పెద్దల పేరు వినగానే ముసలామె అలవాటుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. కళ్ళమ్మట నీళ్ళు జలజలా రాలాయి.

“నేను పలకకూడదు. నువ్వు ఇంకొక్కసారి అను నాయనా, వింటాను” అన్నది.

రాజు అన్నాడు. ఆమె అడిగినన్నిసార్లు అన్నాడు. మరుసటి విజయదశమినుంచి సువేలపురంలో ఆయుధపూజ చివర ఆ పేరు ఊరందరూ వినేలా పలికి, ముంతెడు నీళ్ళు దప్పికగొన్నవారి దోసిట్లో పోసేవారు. విద్యుల్లత ఇక ఎన్నడూ మొండికేయలేదు. అరుణవాహిని ఎన్నడూ ఎండలేదు.

ఈ కథ విన్నందుకు ఏ లోకం దక్కుతుందో నేను చెప్పలేను. ఇంటికి వెళ్ళి నీళ్ళు తాగేముందు, అవి తెచ్చి పోసిన మనిషి పేరు ఒక్కసారి తలచుకొని తాగండి. అంతకు మించిన ఫలం నాకు తెలియదు.