ఉన్నాడమ్మ కొండ

పూర్వం అనంతభూపతి అనే మన్నెపు దొర తూర్పు కనుమల పాదభూములను ధర్మబద్ధంగా పరిపాలిస్తున్న కాలంలో, సముద్రతీరపు ఉప్పుమళ్ళ నుండి ఎగువ దేశానికి ఉప్పు మోసుకుపోయే ఎద్దుల బిడారులన్నీ ఒకే ఒక్క కనుమదారిన కొండ దాటేవి. ఆ దారి మొదట్లో, చిన్న ఏటి ఒడ్డున, మా ఏటివలస ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది. ఈ కొండకు ఈనాడున్న పేరు ఏ మహర్షి తపస్సు వల్లనో, ఏ రాజు విజయయాత్ర వల్లనో రాలేదనీ, ఒక కాపు ఇల్లాలి నోటిమాట వల్ల వచ్చిందనీ చెప్పుకోవడంలో మాకున్న గర్వం ఇంతా అంతా కాదు. ఆ తల్లి పుట్టిల్లు తమ ఊరేనని పొరుగూరివాళ్ళు వాదిస్తారు. వాదించనివ్వండి, పుట్టింటివారికి ఆ మాత్రం సంబరం ఉండవద్దా!

ఆ ఇల్లాలి పేరు సూరమ్మ, ఆమె భర్త నీలాచలం. వారికి తొలిచూలు పైడితల్లి అనే ఆడబిడ్డ. ఆ తరువాత పుట్టిన ఇద్దరూ ఉయ్యాల దిగకుండానే కన్నుమూయగా, నాలుగో కానుపులో మగబిడ్డ కలిగాడు. ఈ బిడ్డమీదనైనా మృత్యుదేవత దృష్టి పడకూడదని మా పెద్దలు వాడుక ప్రకారం వాణ్ణి చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద ఉంచి, పక్కింటి ముసలమ్మ చేత ఎత్తించి, ఆమెకు ఇంత తవుడు కొలిచి ఇచ్చి బిడ్డను కొనుక్కున్నారు. ఇంత చౌకబేరపు సరుకు యముడికి మాత్రం ఎందుకని వారి యుక్తి. అందుకే వాడికి తవిటయ్య అని పేరు పెట్టారు. యుక్తి పారి బిడ్డ పచ్చగా పెరిగాడు. ఇక ఊరుకుంటామా! కనిపించిన ప్రతివాడూ బుగ్గ గిల్లి "నువ్వెవులి గుంటడివిరా?" అని అడగడం, వాడు పొట్ట ముందుకు పెట్టి "నాను అమ్మకి పుట్నేదు, తవుడుకి కొన్నారు" అనడం, అందరూ పకపకా నవ్వడం. వాడికి అయిదో ఏడు వచ్చేసరికి ఆ ముద్దుపలుకు ఊరంతటికీ వినోదమైపోయింది.

ఆ ఏడు గ్రామదేవత పండుగలో, డప్పులూ జనమూ కిక్కిరిసిన వేళ, తమ్ముడి చెయ్యి పట్టుకుని తిరుగుతున్న పైడితల్లి గాజులమ్మి ముందు ఆగింది. గాజులు తొడిగించుకోవడానికి రెండు చేతులూ చాచింది. తొడిగించుకుని తిరిగి చూసేసరికి తమ్ముడు లేడు. ఏరు గాలించారు, బావుల్లో దిగారు, పొదలు నరికి వెతికారు, నాలుగు దిక్కులా దండోరా వేయించారు. చిన్నవాడి చెప్పులుగానీ మొలతాడుగానీ, వాడు ఇటు వెళ్ళాడని చెప్పగల మనిషిగానీ ఎక్కడా దొరకలేదు.

నాటినుండి నీలాచలం ఏటేటా పంట ఇంటికి చేరగానే కర్ర పట్టుకుని దేశాలమీద పడేవాడు. అరికాళ్ళు పగిలి ఒంటరిగా తిరిగి వచ్చేవాడు. పైడితల్లి మళ్ళీ గాజు తొడగలేదు. సూరమ్మ మాత్రం రోజూ పొలంపని ముగించుకుని కనుమదారి మొదట్లో, బిడారులు ఎద్దులకు నీళ్ళు పెట్టే బండమీద కూర్చుని, వచ్చేపోయేవారినందరినీ కొడుకు ఆనవాళ్ళు చెప్పి అడిగేది. ఆ ఇంట్లో నవ్వడానికీ భయమే, ఏడవడానికీ భయమే. నవ్వితే బిడ్డను మరిచినట్టు, ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టు. పోయినవాడికైతే ఒక దినముంటుంది, ఒక పిండముంటుంది, ఏడ్చి స్నానం చేసి లేవడానికి ఒక రేవుంటుంది. తప్పిపోయినవాడి తల్లికి ఏమున్నాయి?

నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు ఆమెను చూసి "సూరమ్మా, కొడుకు కబురేటైనా తెలిసినాదేటి?" అని అడిగేవారు. "ఉన్నాడమ్మా" అనేది ఆమె. ఎక్కడున్నాడో తెలియదు, ఎలా ఉన్నాడో తెలియదు, ఉన్నాడన్న మాటకు మాత్రం తిరుగులేదు. మొదట జాలిపడినవారే కొన్నాళ్ళకు విసుగుపడ్డారు, మరికొన్నాళ్ళకు వెనక నవ్వుకున్నారు. చివరికి ఆమె అసలు పేరు మరుగునపడి, "అదిగో, ఉన్నాడమ్మ వస్తోంది" అనడం వాడుకైపోయింది. వేళాకోళంగా పెట్టిన పేరది. దాచిపెట్టడమెందుకు, పెట్టింది మా ఊరే.

ఇలా పన్నెండేళ్ళు గడిచాయి. ఆచూకీ లేనివాడు పన్నెండేళ్ళకు కూడా తిరిగి రాకపోతే గతించినట్టుగా ఎంచి, మోదుగ కాడలతో మనిషి ఆకారం కట్టి, తలస్థానంలో కొబ్బరికాయ ఉంచి, దానికి దహనసంస్కారం జరిపించాలని శాస్త్రవిధి. అప్పుడే పైడితల్లికి మంచి సంబంధం కుదిరింది. అయితే తీరని కర్మ ఉన్న ఇంటి పిల్లను చేసుకోబోమని పెళ్ళివారు పట్టుపట్టారు. పెద్దలు కర్మ జరిపించమన్నారు, సూరమ్మ కూడదంది, తగవు అనంతభూపతి ఎదుటికి పోయింది. దొర మొదట తండ్రిని అడిగాడు. నీలాచలం చేతులు జోడించి, "నాకు ఏడవాలని ఉంది దొరా. పన్నెండేళ్ళై ఆపుకుంటన్నాను. ఒక్కపాలి కడుపారా ఏడ్సి, కూతురి పెళ్ళి సేసుకుంటాను" అన్నాడు. సభలో కళ్ళు చెమర్చనివారు లేరు. సూరమ్మను అడిగితే ఆమె, "ఉన్నోడికి తద్దినం పెడితే ఆడొచ్చినప్పుడు ఏ మొకంతో బువ్వ పెట్టమంటారు?" అంది. పైడితల్లి ముందుకు వచ్చి, తమ్ముడి చితి మీదుగా నడిచి పెళ్ళిపీట ఎక్కనని చెప్పింది. దొర నిర్దయుడు కాడు. కానీ శాస్త్రం ఒకవైపు, కన్నతండ్రి శోకం ఒకవైపు ఉండగా ఒక తల్లి మాట అతని త్రాసులో తేలిపోయింది. కర్మ జరగవలసిందేనని తీర్పు చెప్పాడు.

ఫాల్గుణమాసంలో కొండవాలున చితి పేర్చారు. మోదుగ కాడలతో తవిటయ్య ఆకారం కట్టారు. పెద్దవాడై ఉండేవాడు కదా అని కొందరు నిలువెత్తున కట్టమన్నారు. తండ్రి వినకుండా అయిదేళ్ళ పిల్లవాడి పొడవే కట్టించాడు. అతనికి తెలిసిన కొడుకు అంతే. అది చూసి సూరమ్మ అడ్డుపడుతుందని, పెనుగులాడుతుందని అందరూ భయపడ్డారు. ఆమె నిటారుగా నిలబడి, "ముట్టించండి బావూ. నానొద్దనను. ఉన్నోణ్ణి నిప్పు ముడతాదేమో నానూ సూస్తాను" అంది.

నీలాచలం కొరివి పెట్టాడు. ఎండి గలగలలాడుతున్న కాడలు అంటుకోలేదు. నెయ్యి పోశారు, కర్పూరం వేశారు. నెయ్యి కాలింది, కర్పూరం కాలింది, కింద పేర్చిన కట్టెలు సైతం కాలి బూడిదయ్యాయి. ఆ బూడిద మధ్య మోదుగ కాడల పిల్లవాడు మాత్రం ఒక్క కాడ కమలకుండా, పక్కమీద పడుకున్నట్టుగా పడుకుని ఉన్నాడు. పురోహితుడు మంత్రం ఆపేశాడు. అనంతభూపతి తలపాగా తీసి చేతపట్టుకున్నాడు.

సరిగ్గా ఆ సమయానికి కనుమలోకి వచ్చిన ఉప్పు బిడారు జనాన్ని చూసి ఆగింది. దాని పెద్ద, నెరిసిన మీసాల సోములు, ఎవరికి ఈ కర్మ అని అడిగాడు. తవిటయ్యకు, తప్పిపోయిన పిల్లవాడికి అని ఎవరో చెప్పారు. ఆ పేరు వినగానే సోములు మొహం వాడిపోయింది. "తల్లీ, ఆ ఏడు పండగనాడు ఒక చిన్నోడు మా ఎద్దుల ఎనకాల వస్తంటే ఎవులి గుంటడివని అడిగినాను. అమ్మకి పుట్నేదు, తవుడుకి కొన్నారని సెప్పినాడు. మాది దూరదేశం, ఆ ఏడు తరవాత మళ్ళీ ఈ కనుమకి వచ్చిందీ ఇప్పుడే, మీ వాడుక మాకేటి తెలుసు? గుప్పెడు తవుడుకి బిడ్డల్ని అమ్ముకునే ఊరు గావాలనుకున్నాం. మా దగ్గరుంటే కడుపునిండా తింటాడని ఎద్దుమీద ఎక్కించుకున్నాం" అన్నాడు. రెండేళ్ళు కళ్ళలో పెట్టుకుని పెంచాననీ, ఎగువ దేశపు సంతలో వాడు తమనుండి కూడా తప్పిపోయాడనీ, అప్పటికి నిక్షేపంగా ఉన్నాడనీ చెప్పి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

ఊరు ఊరంతా తల దించుకుంది. యముణ్ణి మోసం చెయ్యడానికి మేము కట్టిన మాట, ముద్దు కోసం బిడ్డ నోట పలికించిన మాట, ఆ బిడ్డనే మాకు దూరం చేసింది. నీలాచలం అక్కడే నేలమీద కూర్చుని పన్నెండేళ్ళుగా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చాడు. బతికి ఉన్న కొడుకు కోసమూ ఏడవవచ్చునని అతనికి ఆనాడు తెలిసింది. సూరమ్మ మాత్రం సోములును లేవనెత్తి, "నువ్వు నా కొడుక్కి రెండేళ్ళు బువ్వెట్టినావు. ఇంకొక్క పని సెయ్యి. నువ్వు మజిలీ సేసిన సోటల్లా ఈ మాట సెప్పు. మా ఊళ్ళో తవుడుకి కొన్నామంటే అమ్ముకున్నామని గాదు, సావనివ్వలేకపోనామని అరదం. ఆడు ఏ ఊళ్ళో వింటే ఆ ఊళ్ళో వింటాడు" అంది.

సోములు బిడారు ఆ మాటను ఉప్పుతోపాటు ఊరూరా మోసింది. అనంతభూపతి తన తీర్పు తానే తుడిచివేసి, ఆ దారిన దొరికే దిక్కులేని బిడ్డనెవరైనా మా ఏటివలసకే చేర్చాలని, అటువంటి బిడ్డను "నువ్వెవరి బిడ్డవు?" అని ఎవరూ అడగరాదని, "అన్నానికి పిలిచేటప్పుడు మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తుంది?" అని అడగాలని శాసించాడు. పెళ్ళివారు తామే వచ్చి పైడితల్లిని అడిగి చేసుకున్నారు. ఆమె ఆనాడు కూడా గాజులు తొడగక, ఇత్తడి కడియాలతోనే పెళ్ళిపీట ఎక్కింది. ఆ ప్రశ్న వల్ల తల్లుల ఒడి చేరిన బిడ్డలు ఎందరో. సంతల్లో తప్పినవారు, వరదల్లో విడిపోయినవారు, దారిన పోయేవాళ్ళు ఎత్తుకుపోయినవారు, ఈ బండ దగ్గరే తమవాళ్ళను కలుసుకున్నారు. తవిటయ్య మాత్రం రాలేదు. సూరమ్మ ప్రతి బిడ్డనూ తల్లి చేతికి అప్పగించి, మళ్ళీ వచ్చి బండమీద కూర్చునేది. ముసలితనాన ఒక సాయంత్రం అక్కడ కూర్చున్నది కూర్చున్నట్టుగానే శిలారూపం దాల్చిందని, ఆమెకు పెట్టిన ఆ పేరే కొండకు నిలిచిందని పెద్దలు చెబుతారు. అంటుకోని మోదుగ కాడలు ఆ చుట్టూ వేరూని వనమైనాయి.

కనుమదారి మొదట్లో తూర్పుకు ముఖం పెట్టి కూర్చున్న ఆ శిలను ఈనాటికీ చూడవచ్చు. ఆ మోదుగవనంలో వంటకైనా ఎవరూ నిప్పు రాజెయ్యరు. మా ఊళ్ళో పసిపిల్లలతో తవుడు మాట ఎత్తితే ఎంత పెద్దమనిషికైనా అమ్మమ్మల చేత అక్షింతలు తప్పవు. బిడ్డలు తప్పిపోయిన తల్లిదండ్రులు ఎక్కడెక్కడినుండో ఫాల్గుణ పున్నమికి ఇక్కడికి వస్తారు. ఈ సన్నిధిలో తర్పణాలు లేవు. పూజారి సంకల్పంలో ఆ బిడ్డల గోత్రనామాలు బతికి ఉన్నవారితో సమంగా ఒక్కొక్కటే చదువుతుంటే, ప్రతి పేరుకూ వేల గొంతులు "ఉన్నాడు", "ఉంది" అని పలుకుతాయి. కొండ మారుమోగుతుంది. అంతవరకూ తమ ఊళ్ళో పిచ్చివాళ్ళనిపించుకున్న తల్లులు ఆ ధ్వని మధ్య తల ఎత్తుకుని నిలబడడం మేము ఏటేటా చూస్తూనే ఉన్నాం.

మొదటి పేరు ఎప్పుడూ తవిటయ్యదే. ఆమధ్య ఒక పండుగకు వచ్చిన కొత్త అల్లుడు, చదువుకున్నవాడు, ఇన్ని తరాల తరువాత ఆయన ఎలా ఉంటాడండీ అని పక్కనున్న ముసలమ్మను మర్యాదగానే అడిగాడు. ఆవిడ అతణ్ణి ఎగాదిగా చూసి, "సచ్చిపోనాడని నీకెవులు సెప్పినారు బావూ?" అంది. పూజారి రెండో పేరు చదివాడు. ఎవరి బిడ్డో, ఏ ఊరి బిడ్డో అల్లుడికి తెలియదు, అయినా అందరితోపాటు తానూ గొంతెత్తి, "ఉంది" అన్నాడు.