గసగసాల కాయకు గాట్లు

నంజుండయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని చెప్పేవారు. పని ముగించి వచ్చేసరికి ప్రశ్న మిగిలిందో లేదో శిష్యుడే చూసుకోవాలి.

మదనపల్లెకు ఎగువన కొండమీద ఉన్న ఆయన ఆశ్రమానికి కదిరప్ప వచ్చి ఏడాది అయింది. అంతకుముందు ముప్పై ఏళ్లు ఆబ్కారీ శాఖలో పనిచేశాడు. ఉద్యోగం వదిలింది గాని అనుమానం వదల్లేదు. వంటామె పాలగిన్నెమీద మూతపెడితే, ఎందుకు పెట్టిందా అని ఆలోచించే రకం. ఒకనాటి ఉదయం పాత పత్రిక ఒకటి పట్టుకుని గురువు ముందు కూర్చున్నాడు.

“గురువుగారూ, గసగసాల పువ్వు గురించి చదివాను. ఇంగ్లండులో యుద్ధంలో పోయినవాళ్ల జ్ఞాపకంగా దాన్ని గుండెమీద పెట్టుకుంటారట. గ్రీకులకు అది నిద్రకూ చావుకూ గుర్తట. పారశీకులు ప్రేమించి చచ్చినవాడి నెత్తురన్నారట. చైనావాళ్లకేమో నల్లమందు యుద్ధాల్లో ఓడిన తాతలనాటి అవమానం గుర్తొస్తుందట. మనం చూస్తే నూరి కూరలో వేస్తాం! ఊరికో పేరు చెప్పుకుని తిరిగేవాణ్ణి మా ఆఫీసులో కేడీ అనేవాళ్లం. ఇన్ని వేషాలేసే పువ్వును ఎలా నమ్మడం?”

నంజుండయ్యగారు ఒక సీసాలో తైలం పోసి అతని చేతికిచ్చారు. “కొండకింద ఎలీసమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇది ఇచ్చిరా. ఆ పూలు ఆమె ఇంటి పక్కనే ఉన్నాయి.”

అతను వెళ్లేసరికి ఇంట్లో ఎవరూ లేరు. ఇంటి పక్కన సున్నం వేసిన సమాధి, దాని చుట్టూ ఎర్రటి పూలు. కదిరప్ప అక్కడే ఆగిపోయాడు. ముప్పై ఏళ్లలో అతను ఎక్కువగా చూసింది ఫైళ్లనే అయినా, ఆఫీసులో నేర్పిన పాఠం మరిచిపోలేదు: పువ్వు రంగు చూసి మోసపోకు, కాయ చూడు. నల్లమందు తీసేవాడు పచ్చికాయకు గాటు పెడతాడు, కారిన పాలు గట్టిపడ్డాక గీరుకుంటాడు. గాటుపడిన కాయ దొరికితే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

వంగి చూశాడు. ఏ కాయకూ గాటు లేదు. ఇంకొకడైతే అంతటితో ఊరుకునేవాడు. కదిరప్పకు మాత్రం, ఇంకా పెట్టలేదన్నమాట, అనిపించింది. జేబులోంచి చాకు తీసి ఒక కాయకు గాటు పెట్టాడు. తెల్లటి పాలు వచ్చాయి. నమ్మకం కుదరక ఇంకో అయిదు కాయలకు పెట్టాడు. అన్నిట్లోనూ పాలే.

అంతలో మేకను తోలుకుంటూ ఎలీసమ్మ వచ్చింది. తైలం తీసుకుని అతనికి రెండు చేతులా దండం పెట్టింది.

“ఈ పూలు దేనికి గుర్తమ్మా?” అన్నాడు కదిరప్ప చాకు మడిచి దాచుకుంటూ.

“గుర్తేంది నాయనా? మా ఇంటాయన పూలు. మిలిట్రీలో ఉన్నెప్పుడు పరాయి దేశం నుంచి ఇత్తనాలు తెచ్చినాడు. ఆడ సచ్చిపోయిన స్నేహితుల గోరీల మీద ఇయ్యే పూసేవంట. ఇప్పుడు ఆయనమీదే సల్లుకుంటా ఉండా.”

నల్లమందు దాచడానికి మొగుడి సమాధిని మించిన చోటేముంటుంది అనుకున్నాడు కదిరప్ప. బజారుకు వెళ్లి పాత ఆఫీసుకు ఫోను చేశాడు. గురువుకు ఆ మాట చెప్పలేదు.

మూడోనాడు ఎలీసమ్మ ఇంటిముందు జీపు ఆగింది. కబురు తెలిసి నంజుండయ్యగారు, “రా, పోయొద్దాం” అని కదిరప్పను వెంటబెట్టుకుని దిగివచ్చారు. అప్పటికే ఇనస్పెక్టరు కాయలు పట్టుకుని చూస్తున్నాడు.

“ఆరింటికి గాట్లున్నాయి. పాలు కూడా గట్టిపడ్డాయి. ఇంకేం కావాలి? బండెక్కు అవ్వా.”

“దేవుని సాక్షిగా నేను గోరు గూడా తగిలించలేదు సారూ!” అంది ఎలీసమ్మ చేతులు జోడించి. “ఇత్తనానికని ఉంచుకున్న కాయలు అయ్యి. ఎవురు కోసినారో నాకెట్ల తెలుస్తాది?”

 కదిరప్ప చాకు తీయడం ఎవరూ చూడలేదు. నోరు మెదపకపోతే ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు, అందుకే భయమేసింది. గురువు అతనివైపు చూడనైనా చూడలేదు. ఎలీసమ్మ జీపు మెట్టుమీద కాలు పెట్టబోయి, మోకాలు పట్టేసి, అమ్మా అంటూ కూలబడింది.

“ఆ గాట్లు నేను పెట్టినవి” అన్నాడు కదిరప్ప.

“ఏమిటి సార్?”

“మొన్న పరీక్షకని చాకుతో నేనే పెట్టాను. మీకు ఫోను చేసిందీ నేనే.”

ఇనస్పెక్టరు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. “అంటే తోట ఆమెది, పని మీదా?” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు పూర్తిగా నవ్వు కాదు. తన మొహంలోనే ముప్పై ఏళ్లున్న ఆ నవ్వును కదిరప్ప అంతకుముందెప్పుడూ ఎదుట నిలబడి చూడలేదు. సిగ్గుతో తల వంచుకున్నాడు.

రెండు మొక్కలు పెరికి తీసుకుని జీపు వెళ్లిపోయింది. అవి నల్లమందు జాతి కావని, ఉత్త పూలమొక్కలని తర్వాత తేలింది. ఆ పూట మాత్రం ఎలీసమ్మ సమాధి దగ్గరే కూర్చుని కాయలు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. కదిరప్ప క్షమించమన్నాడు. ఆమె తలెత్తలేదు.

“నన్నడిగింటే సెప్పేదాన్ని గదా నాయనా” అంది చివరికి.

కొండెక్కుతూ సగం దారిలో కదిరప్ప ఆగిపోయాడు. కళ్లు తుడుచుకున్నాడు. “గురువుగారూ, ఇకమీద ఎవరినీ అనుమానించను.”

“అంత పని చెయ్యకు కదిరప్పా” అన్నారు నంజుండయ్యగారు. “ముప్పై ఏళ్లు ఊరందరినీ అనుమానించావు. నీ చొక్కాలో ఉన్నవాణ్ణి ఒక్కణ్ణీ వదిలేశావు.”