పెనానికి అడ్డం నిలిచిన వీపు

సోమలింగస్వామిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు ఆయనకు కాళ్ళు నొప్పి పుడతాయి. అడిగినవాళ్ళు చిన్న ప్రశ్నకు పాదాలు పట్టాలి, కాస్త లోతైనదానికి పిక్కలు. మోక్షం గురించి అడిగిన మునసబుగారు నడుము దాకా పట్టవలసి వచ్చింది. ఆ తరవాత ఆయనకు మోక్షం మీద ఆసక్తి తగ్గింది. అందుకే తుమ్మలమెట్టలో జనం స్వామికి దండాలు పెడతారు గాని, సందేహాలు ఇంట్లోనే దాచుకుంటారు.

బెల్లం వండించే సింహాద్రప్పడు మాత్రం ఒక మాఘమాసపు సాయంత్రం అడిగేశాడు. అతని పాకలో ఏడుగురు పనిచేస్తున్నారు. అందరూ మంచివాళ్ళే, ఇరవై ఏళ్ళుగా ఉన్నవాళ్ళే. అయినా చెరకు రసం మరిగి మరిగి ఎప్పుడు పాకానికి వచ్చిందో ఒక్కరూ చెప్పలేరు. అతను చెయ్యెత్తితే గాని రసం కాగే ఆ పెద్ద పెనం పొయ్యి దిగదు.

"చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోతోంది స్వామీ. వీళ్ళు ఎదగాలంటే నేనింకేం చెయ్యాలి?"

అతను చెప్పనిది ఒకటుంది. ఆ ఏడాది అతని కళ్ళకు మంచులా మసక పట్టింది. చెరకు తోటలు తెల్లటి నీళ్ళలో మునిగి ఊగుతున్నట్టు కనిపించేవి. ఎదురొచ్చే మనిషి ఆవిరిలోంచి పుట్టి, పలకరించి, మళ్ళీ ఆవిరైపోయేవాడు. పొంగు రంగు చూసి పాకం పట్టే మనిషికి ఇప్పుడు రంగులన్నీ ఒకటే. ఇంకొకరు ఆ పని అందుకోకపోతే వచ్చే ఏటికి పొయ్యి ఆరిపోతుంది, ఏడు కుటుంబాలు తలోదారీ పడతాయి. ఈ సంగతి ఎవరికీ తెలియదని అతని ధైర్యం. ఊరంతటికీ తెలుసు. గేదెకు పక్కకు తొలగి నమస్కారం పెట్టిన మనిషి కళ్ళ గురించి వేరే చాటింపు అక్కర్లేదు.

స్వామి పిక్కలు తడుముకుని, పొద్దున్నే పాక దగ్గరికే వస్తానన్నాడు.

వచ్చాడు. పొయ్యికి పది అడుగుల దూరాన మంచం వేయించుకుని, సింహాద్రప్పణ్ణి పెనానికి వీపు తిప్పి కూర్చోమన్నాడు. నూనెగిన్నె చేతికిచ్చాడు. కాళ్ళు పడుతున్నంతసేపు మాట్లాడకూడదు, వెనక్కి తిరగకూడదు అన్నాడు. పరమార్థం దగ్గరపడిందనుకుని సింహాద్రప్పడు తలూపాడు.

పాక నిండా పొద్దుటి మంచూ ఆవిరీ కలిసిపోయి, ఎవరు నేల మీద ఉన్నారో ఎవరు తేలుతున్నారో తెలియకుండా ఉంది. గాలి తియ్యగా, బరువుగా నిద్ర తెప్పిస్తోంది. వెనక పెనం సన్నగా మొదలై, గలగలమని, తరవాత గుబగుబమని ఉడుకుతోంది. ఇరవై ఏళ్ళుగా రసం మీద తేలే మడ్డి తీసే పరదేశమ్మ గరిటె ఆపింది.

"బాబూ, దించీమంటారేటి?"

సింహాద్రప్పడు పిక్క గట్టిగా నొక్కాడు. స్వామి హాయిగా మూలిగాడు.

పరదేశమ్మ మళ్ళీ అడిగింది. పెనం మోసే నలుగురూ కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. యజమాని చెప్పకుండా తుమ్మడానికి కూడా మొహమాటపడే రకం వాళ్ళు. ఆవిరిలో నాలుగు గుంజలు పాతినట్టు ఉండిపోయారు. కాసేపటికి తీపి వాసనలోకి చేదు వాసన సన్నగా జొరబడింది. సింహాద్రప్పడి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. పొగ వల్లనే అని తరవాత అందరికీ చెప్పుకున్నాడు. మొదటి పెనం మాడి నల్లబడింది.

రెండో పెనం ఎక్కింది. స్వామి రెండో కాలు చాపాడు.

ఈసారి పరదేశమ్మ ఏమీ అడగలేదు. గరిటె పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, తల కాస్త వంచి నిలబడింది. దూరాన ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టుంది. గుబగుబ లావెక్కి, నెమ్మదించి, బరువుగా, బుడగకూ బుడగకూ మధ్య ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది.

"దించండ్రా," అంది.

నలుగురూ అలవాటుకొద్దీ సింహాద్రప్పడి వైపు చూశారు. అక్కడ వీపు తప్ప ఏమీ లేదు. దించారు.

స్వామి కాలు వెనక్కి తీసుకోగానే సింహాద్రప్పడు తడుముకుంటూ వెళ్ళి, నీళ్ళగిన్నెలో ఒక చుక్క పాకం వేసి, వేళ్ళతో ఉండ కట్టి చూశాడు. ముదరలేదు, లేత కాదు. ఆ ఉండను వేళ్ళ మధ్య తిప్పుతూ పరదేశమ్మ గొంతు వినిపించిన వైపు తిరిగాడు. పాకం ఎలా కనిపెట్టావని అడిగాడు.

"పాకం వచ్చే యేళకి పెనం నాకేనాడైనా అగుపించిందేటి బాబూ? ఇరవై ఏళ్ళూ మీ యీపే అగుపించింది. సూడ్డానికి లేక ఇనడం అలవాటైంది," అంది పరదేశమ్మ. మడ్డిగిన్నె కడిగి తెచ్చుకోవడానికి వెళ్ళింది.

మూడో పెనానికి రసం పోస్తున్నారు. సింహాద్రప్పడు ఎటు నిలబడాలో తెలియక కాసేపు తచ్చాడి, చివరికి గిన్నెతో తిరిగొచ్చిన ఆమె వెనక ఒక చెరకు మోపు మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచినా మూసినా పెద్ద తేడా లేదని అప్పుడే గమనించాడు. పెనం మాత్రం ఏదో చెబుతోంది.

అయినా యజమాని యజమానే. ఉండబట్టలేక, మొదటి పెనం బెల్లమంతా నాశనమైంది కదా స్వామీ అని గొణిగాడు.

స్వామి ఆ నల్లటి బెల్లం ముక్క ఒకటి విరిచి నోట్లో వేసుకుని, తాపీగా నమిలాడు.

"ఇది ఇరవై ఏళ్ళ కిందటే మాడవలసింది," అన్నాడు.