గవర్రాజు తెచ్చిన చుట్టలు

గవర్రాజుకి ఒకటే దిగులు. చుట్టలు చెడిపోకుండా కొండమీదికి చేర్చడం ఎలా?

ఆ కొండమీద మౌలా బాబా ఉంటారు. దూరదేశం కూలికొచ్చి, మశూచి సోకి దారిపక్కన పడివున్న గవర్రాజుని తన పాకలోకి మోసుకెళ్లి బతికించిన ఫకీరు ఆయన. అప్పటినుంచి ఆయనే గురువు. బాబా ఎవరినీ ఏదీ అడిగి ఎరగరు. ఒక్కసారి మాత్రం మాటవరసకి, "మీ గోదారి లంకల చుట్ట భలేగా ఉంటుందటగా" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని గవర్రాజు సొంతూరు వెళ్లి, మేనత్త చేత ఒక కట్ట చుట్టించుకున్నాడు.

వానాకాలం ప్రయాణం. పడవ, రైలు, ఆపైన ఎడ్లబండి. చెమ్మ తగిలితే బూజు, ఎండ తగిలితే పొడి, ఏమరుపాటున ఉంటే పురుగు. కట్టని అరిటాకులో చుట్టి, పైన పాత పంచె చుట్టి, రేకు డబ్బాలో పెట్టాడు. పురుగు భయానికి నాలుగు మూలలా కర్పూరం బిళ్లలు దోపాడు.

"చుట్టలకి కర్పూరమేంట్రా?" అంది మేనత్త.

"నీకు తెలీదులే అత్తా. ఇది దేవుడి దగ్గరికెళ్లే సరుకు."

దారి పొడవునా డబ్బా ఒళ్లోంచి దించలేదు. పడవలో వాన ముంచుకొస్తే తను తడుస్తూ గొడుగు డబ్బాకి పట్టాడు. రైల్లో జరిగి చోటిచ్చిన పెద్దాయన ఒక్క చుట్ట అడిగితే, వినపడనట్టు కిటికీలోంచి చూశాడు. కొత్త అల్లుణ్ణి కూడా ఎవరూ అంత అపురూపంగా చూసుకోరు.

కొండెక్కి డబ్బా బాబా ముందు పెట్టాడు. "ఒక్కటి కూడా నలగలేదు బాబా!"

బాబా ఒకటి తీసి ముట్టించారు. మొదటి దమ్ముకి కాస్త ఆగారు. తర్వాత కళ్లు మూసుకుని పీకదాకా కాల్చారు.

"చాలా దూరం తెచ్చావు నాయనా," అన్నారు. గవర్రాజుకి సంతోషంతో కళ్లనీళ్లు తిరిగాయి.

ఆనాటినుంచి బాబాకి రోజూ ఒక చుట్ట, అదీ అందరికీ దూరంగా ఒంటరిగా కూర్చుని. వింతేమిటంటే, ఉన్న ఒక్క రొట్టెనీ వచ్చినవాళ్లకి పంచేసే మనిషి ఆ చుట్టలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పాత నేస్తం హుసేను సాయిబు ఆశగా చెయ్యి చాపితే, "ఇవి నావి" అని డబ్బా దుప్పటికింద దాచేశారు.

మొదట గవర్రాజు పొంగిపోయాడు. పోనుపోను మనసులో ముల్లు గుచ్చుకుంది. ఇంతటి మహానుభావుడికీ చుట్టదగ్గర పిసినారితనమా? ఈ యావ తనే అంటించాడా? ఆయనమీద గౌరవం పోతే తనకిక లోకంలో మిగిలేదేమిటి?

ఒక పొద్దున బాబా నీళ్లకి వెళ్లగానే హుసేను సాయిబు మళ్లీ వచ్చాడు. ఈసారి గవర్రాజు ఉండబట్టలేక డబ్బా తీశాడు. చుట్ట తనే అంటించి ఇద్దామని ఒక్క దమ్ము లాగాడు.

నోరంతా కర్పూరం! హారతి పళ్లెం నాకినట్టే ఉంది. దగ్గు ఆగలేదు. ఆ వాసన సోకగానే హుసేను సాయిబు, "నాకొద్దులే బాబూ" అంటూ కర్ర పుచ్చుకుని దిగిపోయాడు.

బాబా నీళ్లకుండతో వచ్చేసరికి గవర్రాజు డబ్బా ముందు కూలబడి ఏడుస్తున్నాడు.

"పారేస్తాను బాబా. ఈ పాడు చుట్టల్ని ఇన్నాళ్లూ ఎలా కాల్చారు? పైగా నా పరువు పోకూడదని అందరి దగ్గరా దాచారు. మిమ్మల్నే నేను అనుమానించాను."

బాబా కుండ దించారు. డబ్బా అతని చేతుల్లోంచి తీసుకుని, ఒక చుట్ట ఏరి అగ్గిపుల్ల గీశారు. గాలికి అది ఆరిపోబోతుంటే గవర్రాజు ఏడుస్తూనే అరచేతులు అడ్డం పెట్టాడు.

చుట్ట అంటుకుంది. బాబా నింపాదిగా ఒక దమ్ము లాగారు.

"గోదారినుంచి ఇక్కడిదాకా నువ్వు మోశావు," అన్నారు. "మిగతా దూరం నేను మోస్తున్నాను."