చూపిస్తేనే చెల్లుతుంది

అప్పలసూరి, పెళ్ళాం నూకాలు, బావమరిది పైడయ్య, ఆ ఇంట్లో ముగ్గురూ తెలివైనవాళ్ళే. ఈ సంగతి ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు గనక రోజూ ఒకరికొకరు చెప్పుకునేవారు.

ఒకరోజు ఒక్క బూరె మిగిలింది. ముక్కలు చేసి పంచుకోవడం తెలివితక్కువవాళ్ళ పని. అందుకని మాటలాట పెట్టుకున్నారు. 'న'తో మొదలయ్యే మాటలు వరసగా చెప్పాలి. చివరిదాకా నిలిచినవాళ్ళదే బూరె.

"నష్టం," అన్నాడు పైడయ్య.

"అదేం మాటరా? మనింట్లో ఉందా? ఏదీ, చూపించు," అన్నాడు అప్పలసూరి.

పైడయ్య మంచం కింద వెతికాడు, అటక మీద వెతికాడు. నష్టం దొరకలేదు. అంతే, కేకలేసుకున్నారు, జుట్లు పట్టుకున్నారు. చివరికి ఒప్పందం కుదిరింది. ఇంట్లో ఉన్నది చూపిస్తేనే మాట చెల్లుతుంది. ఒకసారి అన్న మాట మళ్ళీ అన్నవాళ్ళు ఓడిపోయినట్టే.

"నీళ్ళు!" అంది నూకాలు, కుండ చూపించి.

"అది కుండే కదక్కా!"

ఇంకేముంది, నూకాలు కుండెత్తి వాకిట్లో కుమ్మరించింది. చెల్లింది.

"నూనె," అన్నాడు పైడయ్య. సీసా చూపిస్తే బావ ఒప్పుకుంటాడా? అంతే, ఉన్నదంతా చాప మీద ఒంపేశాడు. అదీ చెల్లింది.

"నిప్పు," అని అప్పలసూరి పొయ్యిలోంచి కాలే కట్టె తెచ్చి, అందరికీ బాగా కనబడాలని చాప మధ్యలో పెట్టాడు.

ఇంకేముంది! చాప అంటుకుంది, తడిక అంటుకుంది, తాటాకు కప్పు అంటుకుంది.

"అబ్బ, ఎంత బాగా చూపించావు బావా!" అన్నాడు పైడయ్య.

ఒళ్ళు చుర్రుమనేసరికి ముగ్గురూ బయటపడ్డారు. ఆ అలికిడికి పక్కింటి సింహాద్రి గోడ అవతల నుంచి, "ఏటమ్మా ఆ కంగారు? ఏం కావాల?" అని అరిచాడు.

'నీళ్ళు' అనబోయి నూకాలు నోరు తెరిచింది. బూరె గుర్తొచ్చింది. గబుక్కున మూసుకుని, దోసిలి నోటికి పెట్టి చూపించింది.

"దాహమా? అలా చెప్పు మరి!" అని సింహాద్రి చెంబుడు మజ్జిగ అందించాడు. పెద్దమనిషి ఇస్తే కాదంటే బాగుండదని ముగ్గురూ వంతులవారీగా తాగారు. ఉప్పు సరిపోయిందని కూడా చెప్పారు. ఈలోగా కప్పు కూలింది. బూరె బొగ్గయింది.

"అయ్యో, బూరె!" అని నూకాలు గుండెలు బాదుకుంది.

పైడయ్య మాత్రం బూడిద చుట్టూ ఎగిరి గంతేశాడు. "బావా! ఇదిగో నష్టం! కావలసినంత చూపిస్తున్నాను. ఇప్పుడైనా చెల్లుతుందా?"

అప్పలసూరి బూడిదని ఆ చివర నుంచి ఈ చివర దాకా పరకాయించి చూశాడు.

"చెల్లదు. ఇంట్లో ఉన్నది చూపించాలన్నాం. ఇప్పుడు ఇల్లేదిరా?"